మూత మీద చుక్కలు

మా ఇసకపల్లి ఇంటికి ఫ్రిజ్జు రాకముందు, వచ్చాక కూడా
మా అత్త వెంగమ్మ ముక్కే దిక్కు.
మూత ఓరగా ఎత్తి, తల వంచి,
ఒక్క పీల్పు.
"రాత్రికి ఆగుద్ది" అంటే ఆగేది.
"ఇప్పుడే లేపేయండి" అన్న పప్పు
పొద్దుగూకేసరికి నురగ కట్టేది.
కాలేషా అంగట్లో కొత్తనూనెలో పాతది కలిసినా
ముందు ఆమెకే తెలిసేది.

బొమ్మిడాయల పులుసు దాకతో దించి
మామిడి ముక్కలు మునిగినాయో లేదో చూసి
"రేప్పొద్దున తినండే,
ఇయ్యాల ముట్టుకుంటే చేతులిరగ్గొడతా" అనేది.
పడుకోబోయే ముందు మళ్ళీ కుతకుతా కాగబెట్టేది.
గరిటె తుడిచేది కొంగుతో కాదు,
విడిగా ఉతికి ఆరేసిన గుడ్డతో.

ఆ ఏడు జ్వరం వచ్చింది.
పోతా పోతా
ఇంట్లో ఇంకేదీ ముట్టుకోలేదు,
ఆ ముక్కును పట్టుకుపోయింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు.
పదిహేను రోజులు అట్టాగే మూత ఎత్తింది,
తల వంచింది,
"బాగుండాది" అంది.
మేం తిన్నాం.

మార్చి ఎండలు. రాత్రంతా కరెంటు లేదు.
పాలు పోసి వండిన సొరకాయ కూర
ఫ్రిజ్జులోనే వెచ్చగా తెల్లారింది.
"బాగుండాది."
శరణ్య డబ్బాలో సర్దాను.

పదకొండింటికి బడి నుంచి ఫోను.
అల్లూరు ఆస్పత్రిలో పిల్ల కళ్ళు లోపలికి పోయి,
సెలైను చుక్క
చుక్క
చుక్క.
ఆ సీసా కిందే కూచోని అత్త చెప్పింది:
"నాకేం తెలవట్లేదమ్మాయ్.
ఇంగువా బూడిదా ఒకటే."
నేనేమీ అనలేదు. అనాలని ఉండింది.

"వాసన రాకపోయినా చెడిపోయి ఉంటదమ్మా, కొన్నిసార్లు"
డాక్టరు మామూలుగా అన్నాడు.
ముక్కు పోయినప్పుడు కూడా అంత బిత్తరపోలేదు ఆమె.
దారి పొడుగునా ఆటోలో
వేళ్ళు మడిచి ఏదో లెక్కేసుకుంది.
యాభై ఏళ్ళ వంటల్లో
తన తెలివి ఎంత, అదృష్టమెంత అనేమో.

చదువు రాదు. తేదీలు రాయలేదు.
శరణ్య పలకసంచిలోంచి సుద్దముక్క తీసుకుంది.
వండి దించితే మూత మీద ఒక చుక్క.
మళ్ళీ కాగబెడితే రెండు.
మూడో చుక్క లేదు.
మూడోది పెరటి గుంట.

చేపల కత్తిపీటకి ఎర్రగుడ్డ కట్టి
ఆకుకూరలకి ఇంకొకటి కొనమంది.
"రెండెందుకత్తా?" అన్నాడు కాలేషా.
"ఒకటి సముద్రానికి, ఒకటి దొడ్డికి."
మిగిలిన అన్నం వెడల్పు పళ్ళెంలో పరిచి,
చల్లారగానే లోపల పెట్టి,
నీళ్ళకుండకి కాడ ఉన్న చెంబు తెచ్చి,
ఆమె ఇంట్లో ఆమే కొత్తకోడలయింది.

అలవాటు మాత్రం చావలేదు.
ఇప్పటికీ మూత ఎత్తుతుంది, తల వంచుతుంది,
తర్వాత నా వైపు చూస్తుంది.
"ఎట్టుంది?"
"బాలేదు" అంటే ఒప్పుకోదు.
పేరు పెట్టి చెప్పాలంట.
పెళ్ళయిన పద్నాలుగేళ్ళకి
నాకూ ఒక ముక్కుందని అప్పుడు తెలిసింది.
"చింతపులుపు కాదత్తా,
వానకి తడిసి మూల పడ్డ గోనెపట్ట పులుపు."
"పారెయ్."
"ఏమో, సరిగ్గా తెలవట్లేదు..."
"తెలవకపోతే అది అన్నం కాదు. పారెయ్."

నిన్న బొమ్మిడాయలు దొరికాయి.
దించిన దాక మీద ఒక చుక్క.
ఆమె అడక్కముందే వంగాను.
"మెంతులు.
మామిడి టెంక దగ్గరి పీచు.
అడుగున కొంచెం కాలిన మట్టి."
కళ్ళు మూసుకుని విన్నది.
"నూనె తేలిందా?"
"తేలింది."
"అయితే రేపు."

మూత సర్ది, దాని మీద చెయ్యి పెట్టింది,
చుక్క చెరగకుండా
కాస్త పక్కకి.